రఘునాథాచారి చూసిన ఎర్ర నక్షత్రం

పంచాంగం ఉన్న ఇంట్లో రోహిణి, ఆర్ద్ర, స్వాతి, జ్యేష్ఠ అనే పేర్లు వినని పిల్లలు ఉండరు. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. ఆర్ద్ర కార్తె వచ్చిందంటే రైతు విత్తనాల సంగతి ఆలోచిస్తాడు. ఈ నాలుగు పేర్లూ నిజంగా ఆకాశంలో ఉన్న నాలుగు ప్రకాశవంతమైన నక్షత్రాలవి. వాటిలో ఒక పోలిక ఉంది. నాలుగూ ఎరుపు లేదా నారింజ ఛాయలో కనిపిస్తాయి. రోహిణి, స్వాతి అరుణ మహాతారలు. ఆర్ద్ర, జ్యేష్ఠ వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి.

రోహిణి కార్తెలో వేడికి ఆ నక్షత్రం కారణం కాదు. మే నెల చివర సూర్యుడు రోహిణి ఉన్న దిక్కున కనబడతాడు కాబట్టి ఆ రోజులకు ఆ పేరు వచ్చింది. నిజానికి రోహిణి ఉపరితలం సూర్యుని ఉపరితలం కంటే చల్లన. సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్‌లు, రోహిణిది సుమారు 3,900 కెల్విన్‌లు మాత్రమే.

ఈ పాఠంలో చెప్పుకోబోయే నక్షత్రం కూడా అరుణ మహాతారే. కాని దానికి ఏ పంచాంగంలోనూ పేరు లేదు. మామూలు కంటికి అది కనిపించదు. శాస్త్రజ్ఞులు దాన్ని ‘ఆర్ రెటిక్యులి’ అంటారు. ఆ నక్షత్రపు వెలుగు మారుతూ ఉంటుందని మొదట గుర్తించినవాడు చింతామణి రఘునాథాచారి. ఆయన మద్రాసు నక్షత్రశాలలో సహాయకుడుగా పనిచేసేవాడు. పంచాంగాలు గణించే కుటుంబంలో పుట్టినవాడు.

మద్రాసు నుంగంబాకంలో 1792లో ఈస్టిండియా కంపెనీవారు ఒక నక్షత్రశాల కట్టించారు. పరికరాన్ని కదలకుండా నిలపడానికి అక్కడ ఒక పెద్ద నల్లరాతి స్తంభాన్ని పాతారు. ఆ స్తంభం ఇప్పటికీ అక్కడి వాతావరణ శాఖ ఆవరణలో ఉంది. దానిమీద చెక్కిన శాసనంలో ఇతర భాషలతో పాటు తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తాయి. మద్రాసు వెళ్ళే తెలుగు విద్యార్థులు సముద్రాన్ని, జంతు ప్రదర్శనశాలను చూసి వస్తారు కాని, ఈ స్తంభాన్ని చూసినవారు తక్కువ.

రఘునాథాచారి 1840 దశకంలో ఈ నక్షత్రశాలలో చేరాడు. 1861లో నార్మన్ పోగ్‌సన్ అనే ఇంగ్లీషువాడు దానికి అధిపతిగా వచ్చాడు. ఆయన కింద రఘునాథాచారి మొదటి సహాయకుని స్థానానికి ఎదిగాడు. అక్కడ ప్రతి రాత్రీ జరిగే పని చెప్పుకోవడానికి సులభం, చేయడానికి కష్టం. ఆకాశంలో ఉత్తర దిక్కు నుండి నడినెత్తి మీదుగా దక్షిణ దిక్కుకు ఒక గీత ఉన్నట్లు ఊహించండి. భూమి తిరుగుతున్నందువల్ల ప్రతి నక్షత్రమూ ఒకసారి ఆ గీతను దాటుతుంది. ఆ గీత వెంట పైకీ కిందికీ మాత్రమే కదిలే దుర్భిణి దగ్గర పరిశీలకుడు కూర్చుంటాడు. నక్షత్రం గీతను దాటిన క్షణాన్ని గడియారంతో సరిచూసి రాసుకుంటాడు. అది ఎంత ఎత్తున దాటిందో, దాని వెలుగు ఎంతో కూడా రాస్తాడు. వెంటనే మరొక నక్షత్రం వస్తుంది. ఇలా పాతికేళ్ళపాటు సాగిన పని ఫలితంగా అయిదు వేలకు పైగా నక్షత్రాల స్థానాలతో ఒక పట్టిక తయారైంది.

ఇటువంటి పనిలో కొత్తదనం ఏమీ కనిపించదు. కాని ఒకే నక్షత్రాన్ని వేరువేరు సంవత్సరాలలో చూసినప్పుడు పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన కుదరకపోవచ్చు. అప్పుడు తనే పొరబడ్డానని అనుకుని ఆ అంకెను వదిలివేసేవారు కొందరు. మళ్ళీ మళ్ళీ చూసి తేల్చుకునేవారు కొందరు. రఘునాథాచారి రెండో తరహావాడు. 1867 జనవరిలో దక్షిణాకాశంలోని ఒక నక్షత్రం చరకాంతి తార అని ఆయన నిర్ధారించాడు. చరకాంతి తార అంటే వెలుగు నిలకడగా ఉండక హెచ్చుతూ తగ్గుతూ ఉండే నక్షత్రం. ఆధునిక పరికరాలతో ఒక భారతీయుడు కనుగొన్నట్లు గుర్తింపు పొందిన తొలి ఖగోళ విషయాలలో ఇది ఒకటి.

ఆ నక్షత్రం ఉన్న ప్రాంతానికి రెటిక్యులం అని పేరు. దుర్భిణి కంటికటకంలో నక్షత్రాల స్థానం కొలవడానికి అమర్చే సన్నని గీతల వలకు ఆ పేరు ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లకాయి దక్షిణాఫ్రికాకు వెళ్ళి దక్షిణాకాశాన్ని కొలిచినప్పుడు, తనకు పనికివచ్చిన పరికరాల పేర్లనే కొన్ని నక్షత్ర సముదాయాలకు పెట్టాడు. ఒక నక్షత్ర సముదాయంలో మొదట కనుగొన్న చరకాంతి తారకు ‘ఆర్’ అనే ఇంగ్లీషు అక్షరం ఇవ్వాలని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆర్గెలాండర్ పద్ధతి పెట్టాడు. అంటే ఆ సముదాయంలో రఘునాథాచారి కంటే ముందు మరెవరూ చరకాంతి తారను కనుగొనలేదని ఆ పేరులోనే తెలుస్తుంది.

వెలుగు మారిందని చెప్పాలంటే వెలుగును కొలిచే పద్ధతి ఒకటి ఉండాలి. పూర్వకాలపు గ్రీకులు కంటికి కనిపించే నక్షత్రాలను ఆరు తరగతులుగా విభజించారు. మిక్కిలి ప్రకాశవంతమైనవి మొదటి తరగతి, అతి కష్టంమీద కనిపించేవి ఆరో తరగతి. బడిలో తరగతి పెరిగితే గౌరవం పెరుగుతుంది. ఇక్కడ మాత్రం అంకె పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. ఈ పద్ధతికి కచ్చితమైన లెక్క కట్టినవాడు మద్రాసుకు వచ్చిన పోగ్‌సనే. అయిదు తరగతుల తేడా ఉంటే వెలుగులో సరిగ్గా నూరు రెట్ల తేడా ఉన్నట్లు లెక్క వేయాలని 1856లో, ఇంకా ఇంగ్లండులో ఉండగానే, ఆయన సూచించాడు. ప్రపంచమంతా నేటికీ ఆ లెక్కనే వాడుతోంది.

ఆ లెక్క ప్రకారం ఆర్ రెటిక్యులి సంగతి చూడండి. బాగా వెలిగే రోజుల్లో అది 6.5 తరగతికి దగ్గరగా వస్తుంది. అంటే కంటిచూపు హద్దుకు కాస్త ఆవల. చిన్న బైనాక్యులర్ ఉంటే చాలు, కనిపిస్తుంది. తరువాత మెల్లగా మసకబారి 14 తరగతికి దగ్గరగా దిగిపోతుంది. తేడా ఏడున్నర తరగతులు. మొదటి అయిదు తరగతులకు నూరు రెట్లు, మిగిలిన రెండున్నరకు పది రెట్లు. మొత్తం వెయ్యి రెట్లు! వెయ్యి దీపాలు వెలుగుతున్న చోట ఒకే ఒక్క దీపం మిగిలినట్లు. ఆ స్థితిలో చిన్న దుర్భిణులకు అది అసలు లేనట్లే ఉంటుంది. ఆ తరువాత మళ్ళీ వెలుగు పుంజుకుంటుంది. ఒక వెలుగు శిఖరం నుండి మరొక శిఖరానికి సుమారు 280 రోజులు పడుతుంది.

ఇలా ప్రవర్తించే నక్షత్రాలకు ‘మీరా తరహా తారలు’ అని పేరు. 1596లో ఫాబ్రిషియస్ అనే జర్మన్ మతాచార్యుడు తిమి రాశిలో ఒక నక్షత్రం కొంతకాలం కనిపించి మాయం కావడం గమనించాడు. అది మళ్ళీ వస్తుందని ఆయన మొదట ఊహించలేదు. పదకొండు నెలలకు ఒకసారి అది తిరిగి వెలుగుతుందని 1638 తరువాత తేలింది. ఆశ్చర్యకరమైనది అనే అర్థంలో దానికి మీరా అని పేరు పెట్టారు.

నక్షత్రం దగ్గరికి ఎవరూ వెళ్ళలేరు. దాని వేడిని ఎలా తెలుసుకున్నారు? కమ్మరి కొలిమిలో ఇనుప కడ్డీని చూసినవారికి సమాధానం సగం తెలిసినట్లే. కడ్డీ మొదట ముదురు ఎరుపుగా, ఇంకా కాలితే నారింజగా, ఆపైన పసుపుగా, చివరికి తెల్లగా మెరుస్తుంది. రంగును చూసి వేడిని చెప్పే విద్య కమ్మరికి ఎప్పటినుంచో ఉంది. నక్షత్రాల విషయంలోనూ అంతే. ఆర్ రెటిక్యులి వంటి ఎర్రని తారల ఉపరితలం సుమారు 3,000 కెల్విన్‌లు, అంటే సూర్యుని ఉపరితలంలో దాదాపు సగం.

మిగతా సగం సమాధానం వర్ణపటంలో ఉంది. నక్షత్రకాంతిని పట్టకం గుండా పంపితే రంగుల పట్టీ వస్తుంది. అందులో అక్కడక్కడ నల్లని గీతలు, చారలు ఉంటాయి. ఏ పదార్థం కాంతిని మింగివేస్తే ఏ చోట చార పడుతుందో ప్రయోగశాలలో ముందే తెలుసుకోవచ్చు. మీరా తరహా తారల వర్ణపటంలో వెడల్పాటి చారలు కనిపిస్తాయి. అవి టైటానియం ఆక్సైడ్ అనే పదార్థానివి. ఇళ్ళకు వేసే తెల్ల రంగులో వాడే టైటానియం డయాక్సైడ్‌కు అది దాయాది. సూర్యుని వంటి వేడి నక్షత్రంపై ఇటువంటి అణువులు నిలవలేవు, విడిపోతాయి. కనుక ఈ చారలు ఉన్నాయంటేనే ఆ నక్షత్రం చల్లనిదని అర్థం. ఇక్కడ చల్లన అన్నది నక్షత్రాల లెక్కలో మాత్రమే. ఆ వేడికి ఇనుము ఆవిరైపోతుంది.

ఈ విధంగా వర్ణపటాన్ని చదివే విద్యకు మన తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న దక్షిణ భారతదేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, పోగ్‌సన్ మచిలీపట్నంలో, రఘునాథాచారి వనపర్తిలో దాన్ని పరిశీలించారు. ఆ ఏడాది సూర్యుని వర్ణపటంలో కనబడిన ఒక పసుపుపచ్చ గీత అప్పటికి తెలిసిన ఏ పదార్థానికీ చెందలేదు. అదే హీలియం. కింద చెప్పబోయే కథలో హీలియంకు పెద్ద పాత్ర ఉంది.

చల్లగా ఉన్న వస్తువు తక్కువ కాంతిని ఇస్తుంది. ఉష్ణోగ్రత సగమైతే ఒక్కొక్క చదరపు మీటరు నుండి వెలువడే శక్తి సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. మరి మహాతారలు అంత వెలుగు ఎలా ఇస్తాయి? వాటి పరిమాణం వల్ల. సూర్యునికి 200 రెట్ల వ్యాసార్ధం గల ఒక మహాతారను ఉదాహరణగా తీసుకోండి. దాని ఉపరితలం 200ను 200తో గుణించినంత, అంటే 40,000 రెట్లు. దాన్ని పదహారుతో భాగిస్తే 2,500. అంటే చల్లనిదై ఉండి కూడా అది 2,500 సూర్యుళ్ళ వెలుగు ఇస్తుంది. అటువంటి తారను సూర్యుని స్థానంలో ఉంచితే బుధుడు, శుక్రుడు దాని లోపల మునిగిపోతారు. దాని అంచు ఇంచుమించు భూమి తిరిగే కక్ష్య దాకా వస్తుంది.

పరిమాణం పెద్దదైనంత మాత్రాన బరువు పెద్దదని అనుకోకూడదు. ఆ తారలో ఉన్న ద్రవ్యరాశి సూర్యునిలో ఉన్నంతే అనుకుందాం. అదే సరుకును 80 లక్షల రెట్లు పెద్ద సంచిలో పోసినట్లు. దాని సగటు సాంద్రత మనం పీల్చే గాలి సాంద్రతలో సుమారు ఏడు వేల వంతు. పై పొరలు మరీ పలుచన. అరుణ మహాతారకు గట్టి హద్దు లేదు. పొగమంచు ఎక్కడ ముగిసిందో చెప్పలేనట్లే దాని అంచు ఫలానా చోట అని చెప్పలేం.

అంత వెలుగు ఇచ్చే తార మనకు మసకగా కనిపించడానికి మొదటి కారణం దూరం. దీపం రెండు రెట్లు దూరం జరిగితే వెలుగు నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లు జరిగితే తొమ్మిదో వంతు. రెండో కారణం మరీ విచిత్రమైనది. ఈ తార తన వెలుగును తానే దాచుకుంటుంది.

కొలిమి తిత్తిలాగా ఇది ఉబ్బుతూ సంకోచిస్తూ ఉంటుంది. ఉబ్బి చల్లబడినప్పుడు పై పొరల్లో టైటానియం ఆక్సైడ్ ఎక్కువగా ఏర్పడుతుంది. అది కంటికి కనిపించే కాంతిని అడ్డుకుంటుంది. మిగిలిన శక్తిలో అధికభాగం పరారుణ కిరణాలుగా వెలువడుతుంది. వాటిని మన కన్ను పట్టుకోలేదు. పరారుణ కిరణాలను గ్రహించే పరికరంతో చూస్తే ఈ తారల వెలుగులో తేడా రెండు మూడు రెట్లు మాత్రమే. వెయ్యి రెట్ల తేడా మన కంటికి కనిపించే కాంతిలోనే. కాబట్టి తార ఆరిపోతున్నదన్నది నిజం కాదు, తెర వేసుకుంటున్నది అనాలి. తిరిగి వేడెక్కినప్పుడు ఆ తెర కరిగిపోతుంది. లోపలి నుండి వచ్చే అదురు అలలు పై పొరలను కొట్టినప్పుడు అక్కడి హైడ్రోజన్ వేడెక్కి వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు పుట్టిస్తుంది.

నక్షత్రం ఈ స్థితికి ఎందుకు వస్తుంది? పుట్టుకతో ఏదీ అరుణ మహాతార కాదు. నక్షత్రం తన జీవితంలో ఎక్కువ కాలం నడిమధ్యన హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుతూ వెలుగుతుంది. సూర్యుడు ఇప్పుడు చేస్తున్న పని అదే. నడుమనున్న హైడ్రోజన్ అయిపోతే అక్కడ హీలియం మిగులుతుంది. పొయ్యిలో కట్టెలు అయిపోయి బూడిద చేరినట్లు. కాని నక్షత్రంలో ఈ బూడిద ఊరుకోదు. తన బరువుకు తాను కుంచించుకుపోయి మరింత వేడెక్కుతుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న పొరలోని హైడ్రోజన్ ముందుకన్నా జోరుగా మండుతుంది. పుట్టిన శక్తి పై పొరలను దూరంగా నెడుతుంది. అవి విస్తరించి చల్లబడి ఎర్రబారతాయి. లోపల కుంచించుకోవడం, బయట ఉబ్బడం ఒకేసారి జరుగుతాయి.

కొంతకాలానికి బూడిద అనుకున్న హీలియమే ఇంధనమవుతుంది. అది కర్బనంగా, ఆక్సిజన్‌గా మారుతుంది. అదీ నడుమ ముగిశాక తార రెండోసారి ఉబ్బుతుంది. మీరా తరహా తారలు ఈ రెండో దశలో ఉన్నాయి. వాటి నడుమ కర్బనం, ఆక్సిజన్ ముద్ద ఉంటుంది. దాని చుట్టూ హీలియం పొర, ఆ పైన హైడ్రోజన్ పొర వంతులవారీగా మండుతాయి. లోపల వండిన పదార్థాలలో కొన్ని పైకి వస్తాయి కూడా. దీనికి గట్టి సాక్ష్యం 1952లో దొరికింది. మెరిల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కొన్ని ఎర్ర మహాతారల వర్ణపటంలో టెక్నీషియం అనే మూలకాన్ని గుర్తించాడు. టెక్నీషియం శాశ్వతంగా నిలిచే మూలకం కాదు. నక్షత్రం వయస్సుతో పోలిస్తే కొద్దికాలంలోనే విచ్ఛిన్నమైపోతుంది. అయినా అక్కడ కనిపించిందంటే, ఆ తార దాన్ని ఈమధ్యనే తయారుచేసి ఉండాలి. నక్షత్రాలలో కొత్త మూలకాలు పుడతాయనడానికి అది ప్రత్యక్ష సాక్ష్యం. మన శరీరంలోని కర్బనంలో కొంత ఇటువంటి తారల నుండే వచ్చింది.

ఊపిరి తీస్తున్నట్లు ఉబ్బుతూ సంకోచిస్తూ ఉండే ఈ తార తన పై పొరలను నిలుపుకోలేదు. అవి ధూళిగా, వాయువుగా ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. చివరకు భూమి అంత పరిమాణం గల వేడి ముద్ద మిగులుతుంది. దాన్ని శ్వేత కుబ్జతార అంటారు. అటువంటి తార ఎంత బరువును మోయగలదో లెక్క కట్టిన సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినవాడే. 1930లో ఓడలో ఇంగ్లండు వెళ్తూ ఆ లెక్క మొదలుపెట్టాడు. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

సూర్యునికి కూడా ఈ దారి తప్పదు. సుమారు 500 కోట్ల సంవత్సరాల తరువాత సూర్యుడు అరుణ మహాతార అవుతాడు. బుధ శుక్రులు అందులో కలిసిపోతాయి. భూమి సంగతి అంతకు చాలా ముందే తేలిపోతుంది. సూర్యుని వెలుగు మెల్లగా పెరుగుతూ ఉండటం వల్ల మరొక నూరు కోట్ల సంవత్సరాలకో ఏమో సముద్రాలు నిలవవని శాస్త్రజ్ఞుల అంచనా. మీరా తరహా తారలను గమనించడమంటే సూర్యుని వృద్ధాప్యాన్ని ముందుగా చూడటమే.

రఘునాథాచారి 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ గౌరవంతో ఆయన తృప్తి పడలేదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, ఆ వింత సామాన్యులకు అర్థం కావాలని భారతీయ భాషలలో చిన్న పుస్తకం ప్రకటించాడు. పాత సూత్రాలతో గుణించిన పంచాంగాలను కంటికి కనిపించే ఆకాశంతో సరిచూసి దిద్దుకోవాలని వాదించాడు. అది అందరికీ నచ్చే మాట కాదు. 1880లో ఆయన మరణించాడు. 1899లో నక్షత్రశాల పని మద్రాసు నుండి కొడైకెనాల్ కొండకు తరలిపోయింది.

ఈ నక్షత్రాన్ని గ్రీన్‌విచ్ నుండి గాని, పారిస్ నుండి గాని ఎన్నడూ చూడలేరు. అది ఖగోళంలో దక్షిణంగా 63 డిగ్రీల దూరాన ఉంది. మీ ఊరి అక్షాంశాన్ని 27 నుండి తీసివేయండి. వచ్చినన్ని డిగ్రీల ఎత్తుకు అది దక్షిణ దిక్కున లేస్తుంది. మద్రాసులోను, హోసూరులోను 14 డిగ్రీలు, బళ్ళారిలో 12, యానాంలో 10, షోలాపూర్‌లో 9, బరంపురంలో 8. ఢిల్లీ అక్షాంశం 28 డిగ్రీలు దాటింది కాబట్టి అక్కడ అది ఉదయించనే ఉదయించదు. జనవరి నెల రాత్రి ఎనిమిది పది గంటల మధ్య దక్షిణ దిక్కుకు తిరిగి నిలబడితే, ఎడమవైపున పైగా అగస్త్య నక్షత్రం తెల్లగా మెరుస్తూ ఉంటుంది. దానికి కుడివైపున, ఇంకా కిందుగా, ఆకాశం ఖాళీగా కనిపించే చోట ఆర్ రెటిక్యులి ఉంది. 1867 నుండి ఇప్పటికి అది రెండు వందలకు పైగా సార్లు మసకబారి మళ్ళీ వెలిగింది.

అభ్యాసం

1. రోహిణి కార్తెలో ఎండలకు రోహిణి నక్షత్రం కారణం కాదని ఎలా చెప్పగలరు?

2. రెండు నక్షత్రాల వెలుగులో పది తరగతుల తేడా ఉంటే, ఒకటి మరొకదాని కంటే ఎన్ని రెట్లు ప్రకాశవంతమైనది?

3. “తార ఆరిపోతున్నదన్నది నిజం కాదు, తెర వేసుకుంటున్నది అనాలి.” ఈ వాక్యాన్ని సొంతమాటల్లో వివరించండి.

4. భూగోళ పటంలో మీ ఊరి అక్షాంశం చూసి, ఆర్ రెటిక్యులి మీకు ఎంత ఎత్తున కనిపిస్తుందో లెక్క కట్టండి. అక్కడ చెట్లు, ఇళ్ళు అడ్డువస్తాయేమో వెళ్ళి చూడండి.

5. మీ ఇంట్లో పెద్దలను అడిగి, ఏ కార్తెలో ఏ పంట పని చేస్తారో పది వాక్యాలు రాయండి.